ముందొచ్చిన చెవులా, వెనకొచ్చిన కొమ్ములా?

కిందటి వార్షికోత్సవానికి మన హాస్టల్ తమ్ముళ్లకు వక్తృత్వ పోటీ పెట్టాం. "ఉద్యోగంలో ప్రమోషన్ ప్రతిభకా, సీనియారిటీకా?" అన్నది అంశం. పదకొండు మంది మైకు ముందుకొచ్చారు. వారిలో తొమ్మిది మంది ప్రతిభకే ఓటేశారు. "ఏళ్లు లెక్కపెట్టి కుర్చీ ఇస్తే దేశం ఎప్పుడు బాగుపడుతుంది?" అని ఒక తమ్ముడు బల్లగుద్ది అడిగితే చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాం. కానీ వెనక వరస కుర్చీల్లో కూర్చున్న పాత విద్యార్థులం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాలో అటెండరుగా చేరి సీనియర్ అసిస్టెంట్ అయినవారున్నారు, టీచర్లున్నారు, బ్యాంకువాళ్లున్నారు, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసేవారున్నారు, ఈ మధ్యే రిటైరైన అన్నలున్నారు. "వీళ్లకింకా సీఆర్ అంటే ఏమిటో తెలీదు గదరా" అని ఒక అన్న మెల్లగా అన్నారు. ఆ ఒక్క మాటే ఈ వ్యాసం రాయించింది.

మిత్రులారా! ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ తమ్ముళ్ల వాదనలో తప్పు లేదు. రేకుపెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు పట్టుకుని ఈ గేటులోపలికి అడుగుపెట్టిన మనకు చేతిలో ఉన్న ఆస్తి మార్కులే. మన నాన్నకు పొలం లేదు, మామయ్యకు పలుకుబడి లేదు. పదో తరగతి మెమోలో ఉన్న అంకెలే మనల్ని ఇంటర్‌కు, ఇంటర్ అంకెలే డిగ్రీకి తీసుకెళ్లాయి. అలాంటి పిల్లలు "ప్రతిభనే చూడండి" అని అడగడం సహజం. పరీక్ష పేపరు మీద మన ఊరి పేరు ఉండదు, పేట పేరు ఉండదు, హాల్ టికెట్ నంబరే ఉంటుంది. అందుకే పరీక్షను మనం నమ్ముతాం.

కానీ ఉద్యోగంలో చేరాక ప్రతిభను కొలిచే పేపరు మీద హాల్ టికెట్ నంబరు ఉండదు. మన పేరే ఉంటుంది. దిద్దేవాడు మనల్ని రోజూ చూసేవాడే. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

రూల్సు ఏం చెబుతున్నాయి?

వాదనలోకి వెళ్లేముందు అసలు నిబంధన తెలుసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996లో వచ్చిన స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్సు ఉద్యోగాలను రెండు రకాలుగా చూశాయి. కింది మెట్లలో, అంటే నాన్ గెజిటెడ్ సర్వీసులో, మామూలుగా ప్రమోషన్లు సీనియారిటీ మీదే. మనిషి పనికిరాడని తేలితే తప్ప వరసలో ముందున్నవారికే ముందు. పై మెట్లలో, అంటే గెజిటెడ్ పోస్టుల్లో, ప్రతిభ, సామర్థ్యం ముందు చూడాలి. అవి ఇద్దరిలో ఇంచుమించు సమానంగా ఉంటేనే సీనియారిటీ చూడాలి. ఏటా సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు ప్యానెల్ సంవత్సరం. ఆ ఏడాదికి అర్హుల జాబితా తయారవుతుంది.

సుప్రీంకోర్టు 1998లో గ్రామీణ బ్యాంకు ఉద్యోగుల కేసులో ఈ తేడాను ఇంకా తేటగా చెప్పింది. "సీనియారిటీ-కమ్-మెరిట్" అంటే ఆ పోస్టుకు కావలసిన కనీస ప్రతిభ ఉందా లేదా అని చూసి, ఉన్నవాళ్లలో సీనియర్‌కు ఇవ్వడం. "మెరిట్-కమ్-సీనియారిటీ" అంటే అందరినీ ఒకరితో ఒకరిని పోల్చి మెరుగైనవాడిని ఎంచడం. పేర్లు తిరగేసినట్టే ఉన్నా మొదటిదానిలో పాస్ మార్కు చాలు, రెండోదానిలో ర్యాంకు కావాలి. కాబట్టి పూర్తిగా సీనియారిటీ, పూర్తిగా ప్రతిభ అనేవి మన ఆఫీసుల్లో ఎక్కడా లేవు. రెండూ కలిపే ఉన్నాయి. ఏ మెట్టు దగ్గర ఏది ముందుండాలి, దాన్ని ఎవరు కొలవాలి అన్నదే అసలు ప్రశ్న.

ఒక అన్న కథ

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని మన సామెత. కొమ్ములు నిజంగా వాడిగా ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ ఆఫీసుల్లో ఇంకో సామెత కూడా నడుస్తుంది: "అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో." కొమ్ముల వాడి చూశామంటూ ఆకులు వేసేచోట ఎవరి విస్తరి పోతుందో మనకు తెలుసు.

మన హాస్టల్లోనే చదివిన ఒక అన్న ఉన్నారు. పేరు రాయవద్దన్నారు. జూనియర్ అసిస్టెంటుగా చేరి, డిపార్ట్‌మెంటల్ టెస్టులన్నీ మొదటి రెండేళ్లలోనే పాసై, సీనియర్ అసిస్టెంటయి, సూపరింటెండెంట్ దాకా వచ్చారు. ఆ పైమెట్టు గెజిటెడ్. ప్యానెల్ వచ్చినరోజు చూసుకుంటే తనకన్నా జూనియర్లు ఇద్దరు పైకెళ్లారు, తన పేరు లేదు. అడిగితే "కమిటీ మీ పేరు కూడా పరిశీలించింది" అన్నారు. అంతకు మించి ఎవరూ నోరు విప్పలేదు. సమాచార హక్కు చట్టం వచ్చాక దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి తన రహస్య నివేదికల నకళ్లు తెప్పించుకున్నారు. అన్ని ఏళ్లూ బాగున్నాయి. ఒక్క ఏడాది "సాధారణం" అని ఉంది. ఆ ఏడు వాళ్లమ్మకు జబ్బు చేస్తే ఆయన సెలవు మీద సెలవు పెట్టారు. ఆ రాసిన అధికారి ఆయన పైన ఉన్నది కొన్ని నెలలే. మెమో లేదు, హెచ్చరిక లేదు, ఒక్క మాట లేదు. ఆ ఒక్క ముక్క చాలింది.

ఆయన సూపరింటెండెంటుగానే రిటైరయ్యారు. "జీతం తేడా సంగతి పక్కనపెట్టండిరా. ఆ ఏడే పిలిచి, నీ పని బాగాలేదని చెప్పి ఉంటే మరుసటి ఏడు సరిదిద్దుకునేవాణ్ణి గదా! తప్పేమిటో చెప్పకుండా ఫెయిల్ చేసే పరీక్ష ఎక్కడన్నా ఉంటుందా?" అని ఆయన అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

ఇది ఒక్క మన అన్నకే జరిగింది కాదు. సరిహద్దు రహదారుల ఇంజనీరింగ్ సర్వీసులో దేవ్‌దత్ అనే ఇంజనీరుకూ ఇలాగే జరిగింది. పై పోస్టుకు అయిదేళ్లూ "వెరీ గుడ్" ఉండాలన్నది నియమం. 1993-94లో ఆయనకు "గుడ్" అని రాశారు. చూడటానికి మంచి మాటే! తిట్టు కాదు కాబట్టి ఆయనకు చెప్పనవసరం లేదనుకున్నారు. ఆ మంచి మాటే ఆయన ప్రమోషన్‌ను ఆపింది. 2008 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి ఆయన రిటైరయ్యారు కూడా. అయినా కోర్టు ఒక గొప్ప సూత్రం చెప్పింది: మంచిదైనా చెడ్డదైనా ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలి, దానిమీద అతను చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 2009లో కేంద్రం తన ఉద్యోగులందరికీ వార్షిక నివేదిక మొత్తం చూపించాలని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాటను మళ్లీ ఖాయం చేసింది. అంతవరకు ఎన్ని వేలమంది ఇలా చెప్పకుండానే ఫెయిలయి ఉంటారో ఊహించండి.

పెద్ద కుర్చీలకు ఏ కొలత?

"సీనియారిటీ చేతగానివాళ్ల ఊతకర్ర" అని పోటీలో ఒక తమ్ముడన్నాడు. మరి ఈ దేశంలో అత్యున్నత న్యాయస్థానంలో ప్రధాన న్యాయమూర్తి ఎలా వస్తారో చూడండి. ఉన్నవారిలో సీనియరే ప్రధాన న్యాయమూర్తి కావడం అక్కడి ఆనవాయితీ. దాన్ని తప్పించినప్పుడల్లా దేశం అల్లాడింది. 1973 ఏప్రిల్‌లో కేశవానంద భారతి తీర్పు వెలువడగానే, ప్రభుత్వ వాదనకు ఎదురు చెప్పిన షెలత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్లను దాటించి ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. ఎమర్జెన్సీలో పౌరుల పక్షాన ఒంటరిగా నిలబడిన హెచ్.ఆర్.ఖన్నాను 1977లో పక్కనపెట్టారు. ఆయనా రాజీనామా చేశారు. "వరస చూడనక్కరలేదు, తగినవాణ్ణి మేమే ఎంచుకుంటాం" అని పాలకులంటే దాని అర్థం ఏమిటో ఆనాడు దేశానికి తెలిసొచ్చింది.

ఇక్కడ మనం ఒక నిజాన్ని దాచకూడదు. 1975లో దళిత ఉద్యోగుల ప్రమోషన్ల కేసులో మన పక్షాన తీర్పు చెప్పిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది ఈ రేయే. మనకు వ్యతిరేకంగా అసమ్మతి రాసినవారిలో ఒకరు ఈ ఖన్నాయే. అయినా ఖన్నాకు జరిగింది అన్యాయమే. న్యాయం అంటే మనవాడికి పనికొచ్చినప్పుడు ఒకటీ, కానప్పుడు ఇంకొకటీ కాదు.

కలెక్టర్ల సంగతీ అంతే. ఐఏఎస్ అంటే ప్రతిభకు మారుపేరు అంటాం. ఆ సర్వీసులో మొదటి మెట్లన్నీ ఇన్నేళ్లకు ఈ స్కేలు అన్న లెక్కమీదే ఎక్కుతారు. ఇద్దరు ఐఏఎస్‌లు కలిస్తే మొదట అడిగేది "మీది ఏ బ్యాచ్?" అనే. వాళ్లకు సీనియారిటీ గౌరవం, అటెండరు గారికి మాత్రం ఊతకర్రా? పెద్ద కుర్చీకి వరస రక్షణ అయితే చిన్న కుర్చీకి ఇంకా పెద్ద రక్షణ. పై అధికారి ఇంటికి కూరగాయలు మోయనివాడికి, తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టనివాడికి, "నీ సీనియారిటీని నేను చెరపలేను" అని చెప్పే ఒకే ఒక్క కాగితం ఆ జాబితా.

సీనియారిటీలో ఉన్న లోపం

ఇంతవరకు చదివి మేం సీనియారిటీ పక్షం అనుకోవద్దు. దానికీ పెద్ద లోపముంది. ముందు వచ్చినవాడికే ముందు అంటారు. బాగానే ఉంది. కానీ ముందు ఎవరు రాగలిగారు?

తరతరాలుగా బడిమెట్టు ఎక్కనివ్వని ఇళ్లనుంచి మొదటి మనిషి ఆఫీసుకు వచ్చేసరికి కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వరస అప్పటికే తయారైపోయింది. మనవాడు చివరన నిలబడ్డాడు. పైగా మనవాళ్లు ఉద్యోగంలో చేరేది ఆలస్యంగా. మధ్యలో చదువు ఆగిపోతుంది, కూలికి పోతారు, మళ్లీ చదువుతారు. ఎస్సీ, ఎస్టీలకు వయసులో అయిదేళ్ల సడలింపు ఇచ్చింది అందుకే. మంచిదే. కానీ రిటైర్మెంట్‌లో ఆ అయిదేళ్లు కలపరు గదా! ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లు, తెలంగాణలో 61 ఏళ్లు. ఇరవై మూడేళ్లకు చేరినవాడూ ముప్పై అయిదేళ్లకు చేరినవాడూ ఒకే వయసుకు దిగిపోతారు. ఒట్టి సీనియారిటీ లెక్కన పోతే రెండోవాడు పై అంతస్తు ముఖం చూడకుండానే ఇంటికి పోతాడు. వరస న్యాయంగా కనబడుతుంది గానీ, వరస మొదలైన చోట న్యాయం లేదు.

అందుకే ప్రమోషన్లలో రిజర్వేషన్ కావలసి వచ్చింది. దాని చరిత్ర మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో దొరకదు కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాం. 1961లో రంగాచారి కేసులో సుప్రీంకోర్టు ప్రమోషన్లలోనూ రిజర్వేషన్ ఉండవచ్చంది. 1992 నవంబర్ 16న ఇంద్రా సహానీ తీర్పులో నియామకం వరకే రిజర్వేషన్, ప్రమోషన్లకు కుదరదంది. ఉన్నవాటిని అయిదేళ్లు కొనసాగనిచ్చింది. 1995లో పార్లమెంటు 77వ సవరణతో 16(4ఎ) అధికరణం చేర్చి ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్‌ను నిలబెట్టింది. ఆ వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. రోస్టర్ వల్ల ముందు ప్రమోషన్ పొందిన దళిత ఉద్యోగి, ఆ తర్వాత అదే పోస్టులోకి వచ్చిన పాత సీనియర్‌కు మళ్లీ జూనియర్ అయిపోతాడని కోర్టులు చెప్పాయి. అంటే మెట్టు ఎక్కనిచ్చి, ఎక్కాక వెనక్కి జరిగి నిలబడమన్నారన్నమాట. 2001లో 85వ సవరణ ఆ సీనియారిటీని కూడా, 1995 జూన్ 17 నుంచి వర్తించేలా, మనవాళ్లకే ఇచ్చింది. 2003 ఫిబ్రవరిలో మన ఉమ్మడి రాష్ట్రం అయిదుకు మించి పోస్టులున్న క్యాడర్లలో ప్రమోషన్లకు రిజర్వేషన్ వర్తింపజేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2006లో నాగరాజ్ తీర్పు ఈ సవరణలను సమర్థిస్తూనే లెక్కలు చూపాలని షరతులు పెట్టింది. 2018లో జర్నైల్ సింగ్ తీర్పు, మనం వెనుకబడ్డామని మళ్లీ లెక్కలతో రుజువు చేయనక్కరలేదంది గానీ, ప్రాతినిధ్యం తక్కువ ఉందన్న లెక్క కావాలంది. 2022 జనవరిలో ఆ లెక్క క్యాడర్ వారీగా తీయాలంది.

చూశారా? వంద పాయింట్ల రోస్టర్‌లో మనకు వచ్చే పదిహేను పాయింట్ల కోసం ముప్పై ఏళ్లకు పైగా కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాం.

"సామర్థ్యం తగ్గిపోతుంది" అన్న మాట

రిజర్వేషన్ ప్రమోషన్ అనగానే ఎదుటివారు తీసే కత్తి ఒకటే: పరిపాలనా సామర్థ్యం దెబ్బతింటుంది. రాజ్యాంగం 335వ అధికరణంలో సామర్థ్యం మాట ఉంది, కాదనం. కానీ దెబ్బతిన్నదా అని ఎవరన్నా కొలిచారా? కొలిచారు. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఆర్థికవేత్తలు 1980 నుంచి 2002 వరకు భారత రైల్వేల లెక్కలు తీసి పరిశీలించారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు ఎక్కువగా ఉన్నచోట ఉత్పాదకత తగ్గిందనడానికి వారికి ఆధారమే దొరకలేదు. పై స్థాయి పోస్టుల్లో మనవాళ్లు ఎక్కువైనచోట మేలు జరిగిన గుర్తులు కూడా కొన్ని కనిపించాయి.

మనం పైన చెప్పిన 1975 నాటి కేసు కూడా ఈ సందర్భంలో తెలుసుకోదగ్గది. కేరళలో గుమస్తాలు పై మెట్టుకు వెళ్లాలంటే పరీక్షలు పాసవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ పరీక్షలు పాసయ్యేందుకు రాష్ట్రం రెండేళ్లు అదనపు గడువు ఇచ్చింది. 1972లో 51 ఖాళీల్లో 34 వారికి వచ్చాయి. ఎన్.ఎం.థామస్ అనే ఉద్యోగి కోర్టుకు వెళ్లారు. ఏడుగురు న్యాయమూర్తుల్లో అయిదుగురు రాష్ట్రం చేసింది సరైనదే అన్నారు. తమ్ముళ్లూ, ఒక్క విషయం గమనించండి. అక్కడ పరీక్ష ఎత్తేయలేదు. గడువు ఇచ్చారు. మనం అడగవలసిందీ అదే. కొలత వద్దని కాదు. కొలిచేముందు నిలబడే జాగా ఇవ్వమని.

మన ఇంటి తప్పులు

ఎదుటివారి తప్పులే చెప్పి ఊరుకుంటే ఇది సావనీరు వ్యాసం అవుతుంది గానీ నిజం కాదు. మనలోనూ తప్పులున్నాయి.

మొదటిది, టెస్టులు రాయకపోవడం. మన రాష్ట్రాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్లు సాధారణంగా ఏడాదికి రెండు విడతలు డిపార్ట్‌మెంటల్ టెస్టులు పెడతాయి. జూనియర్ అసిస్టెంటు సీనియర్ కావాలంటే చాలా శాఖల్లో అకౌంట్స్ టెస్టు కావాలి. ఉద్యోగం రాగానే పుస్తకం మూసేసి, పదేళ్ల తర్వాత రోస్టర్ పాయింట్ వచ్చిననాడు "అర్హుడు లేడు" అని ఫైలు మీద రాయించుకున్నవాళ్లు మాలోనే ఉన్నారు. ఆ పాయింట్ కోసం ఎంతమంది ఎన్ని కోర్టుల్లో నిలబడ్డారో పైన చెప్పాం. దాన్ని బద్ధకంతో పోగొట్టడం మన అన్నదమ్ముల విస్తరి మనమే తీసేయడం.

రెండోది, ఎక్కాక మరిచిపోవడం. కుర్చీ మారగానే హాస్టల్ పేరు చెప్పడానికి మొహమాటపడేవారిని చూశాం. కింద పనిచేసే తన జాతి అటెండరుకు సీఆర్ రాయవలసి వచ్చినప్పుడు, ఒకప్పుడు తనకు జరిగిందే అతనికి చేసినవారినీ చూశాం. కలం మన చేతికి వచ్చాక కూడా చీకట్లోనే రాస్తే ఇక మార్పు ఏముంది?

మూడోది, "నా సర్వీసు ఇరవై ఏళ్లు" అనడమే పనిగా పెట్టుకోవడం. ఇరవై ఏళ్ల అనుభవం వేరు, ఒకే ఏడాది అనుభవాన్ని ఇరవైసార్లు తిప్పడం వేరు. మా చదువు రోజుల్లో ఇద్దరు వార్డెన్లను చూశాం. ఒకరు సర్వీసులో చాలా పెద్ద. రిజిస్టర్లు అద్దంలా ఉండేవి. సాంబారులో పప్పు మాత్రం వెతుక్కోవాలి. తర్వాత వచ్చినాయన చిన్నవాడు. రాత్రి తొమ్మిదింటికి గదిగదికీ తిరిగి ఎవడికి జ్వరం, ఎవడు ఇంటిమీద బెంగతో అన్నం తినలేదు అని చూసేవాడు. ఆయన ఉన్న రెండేళ్లలో మధ్యలో చదువు మానేసి ఊరికి పోయినవాడు మాకు గుర్తున్నంతవరకు ఒక్కడూ లేడు. ఎవరిది ప్రతిభ?

మీరు వెంటనే రెండో ఆయన పేరు చెబుతారు. మేమూ అంతే. కానీ ఆ ప్రతిభ ఏ కాగితం మీద పడింది? తనిఖీకి వచ్చిన అధికారి చూసింది రిజిస్టర్లు. పప్పు ఎంతుందో రుచి చూసినవాళ్లు మేము, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. ప్రతిభను కొలుస్తామనేవాళ్లు ఎప్పుడూ కొలవడానికి తేలికైనదాన్నే కొలుస్తారు. గ్రేడ్-2 నుంచి గ్రేడ్-1కు, అక్కడినుంచి పైకి పంపేటప్పుడు హాస్టల్లో నిలిచిన పిల్లల లెక్క, జబ్బుపడ్డవారిని ఎంత తొందరగా ఆస్పత్రికి చేర్చారన్న లెక్క కూడా చూస్తే, ఆ ప్రతిభకు మేం రెండు చేతులా ఓటేస్తాం.

ప్రైవేటు కంపెనీల్లో ఉన్న మన తమ్ముళ్లదీ ఇదే బాధ. అక్కడ సీనియారిటీ జాబితా అన్నదే ఉండదు. ఏడాదికోసారి రేటింగ్. జట్టులో ఇంతమందికి మంచి రేటింగు, ఇంతమందికి తక్కువ అని ముందే కోటా కట్టి పంచే పద్ధతి చాలాకాలం నడిచింది. మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నారని మైక్రోసాఫ్ట్ వంటి పెద్ద కంపెనీయే 2013లో దాన్ని వదిలేసింది. ప్రతిభ పేరుతో నడిచేదంతా ప్రతిభ కాదని ప్రతిభను అమ్ముకునే కంపెనీలే ఒప్పుకున్నాయి.

మరి మేం కోరేదేమిటి?

కింది మెట్లలో సీనియారిటీ ఉండాలి, దానికి కనీస అర్హతగా బహిరంగ పరీక్ష ఉండాలి. పాసైనవారిలో పెద్దవాడికి ముందు. పై మెట్లలో ప్రతిభ చూడండి, వద్దనం. కానీ ఏ ప్రతిభ, ఎన్ని మార్కులు, ఎవరు వేస్తారు అన్నది ఏడాది మొదట్లోనే నోటీసుబోర్డు మీద పెట్టండి. ఏడాది చివర రాసింది ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోండి. జూనియర్‌ను ముందుకు తెచ్చినప్పుడు సీనియర్‌కు కారణం కాగితం మీద ఇవ్వండి. ఈ రెండు పద్ధతుల్లో ఏది పాటించినా రోస్టర్ పాయింట్ మాత్రం తప్పకుండా నింపండి. లెక్కలు లేవన్న సాకుతో ఆపకండి. లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి, తీయవలసిందీ ప్రభుత్వమే.

ఒక్క మాటలో చెప్పాలంటే, చీకట్లో కొలిచే ప్రతిభకన్నా వెలుతురులో కనబడే వరస మేలు. ప్రతిభను కూడా వెలుతురులో కొలిచే రోజు వస్తే ఆ పరీక్షకు మొదట హాల్ టికెట్ తీసుకునేది ఈ హాస్టల్ పిల్లలే.

తమ్ముళ్లకు ఇంకో నాలుగు మాటలు. రేపు మీరూ ఉద్యోగాల్లో చేరతారు. చేరిన మొదటి ఏడే మీ శాఖకు ఏయే టెస్టులు కావాలో కనుక్కుని రాయండి. మీ సర్వీస్ రిజిస్టర్ ఏడాదికోసారి చూసుకోండి. పుట్టినతేదీ, చేరిన తేదీ, కులం నమోదు, పాసైన టెస్టుల వివరాలు సరిగ్గా పడ్డాయో లేదో సరిచూడండి. సీనియారిటీ జాబితా ముసాయిదా వచ్చినప్పుడు సంతకం పెట్టి పక్కన పడేయకుండా వరుసలో మీ ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో చదవండి. తప్పుంటే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట ఫైల్లోకి ఎక్కదు. మీ వార్షిక నివేదికను అడిగి చూడండి. అడగడం అవిధేయత కాదు. ఇవేవీ చేయకుండా "అన్యాయం జరిగింది" అని వార్షికోత్సవంలో చెప్పుకుంటే మేం టీ ఇచ్చి ఓదార్చగలం, అంతే.

కిందటేడు పోటీలో తొమ్మిది మంది ప్రతిభ పక్షాన మాట్లాడారని చెప్పాం. సీనియారిటీ పక్షాన మాట్లాడిన ఇద్దరిలో ఒకడు ఎనిమిదో తరగతి పిల్లవాడు. వాడు తడబడుతూ ఒక్కటే అన్నాడు: "మా నాన్న మున్సిపాలిటీలో చాలా ఏళ్లనుంచి ఊడుస్తున్నాడు సార్. రోజూ బాగానే ఊడుస్తాడు. కానీ బాగా ఊడుస్తాడని ఎవరూ రాసిపెట్టలేదు." వాడికి బహుమతి రాలేదు. జడ్జీలుగా కూర్చున్నది మేమే. వాడి మాట అర్థం కావడానికి మాకు ఈ ఏడాది పట్టింది.

ఈ వార్షికోత్సవంలో ఆ బాకీ తీర్చుకుంటున్నాం. బహుమతి పుస్తకం వాడి పేరు రాసి సిద్ధంగా ఉంచాం. ఈసారి ఎందుకు ఇస్తున్నామో కారణం కూడా కాగితం మీద రాసి, అందరూ చూసేలా నోటీసుబోర్డుకు అంటిస్తాం.

జై భీమ్!

– పాత విద్యార్థులం